డబ్బా మానిటర్ నుంచి ఓలెడ్ దాకా: ఆటలో బొమ్మ సరిగా రాకపోతే ఏం చూడాలి?

నల్గొండలో ఉండే మా మేనల్లుడు 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మను మార్చే) మానిటర్ కొన్న వారానికే ఫోన్ చేసి, "మామా, దీనికన్నా పాత డబ్బా మానిటరే నయముండె" అన్నాడు. వెళ్లి చూస్తే అతని మాటలో సగం నిజముంది, మిగతా సగం సెట్టింగుల పొరపాటు. ఏది ఆ రకం తెరకు పుట్టుకతో వచ్చిన గుణమో, ఏది మనం సరిచేసుకోగల లోపమో విడదీయకుండా మళ్లీ డబ్బు పెట్టడం వృథా కనుక, లక్షణాల వారీగా రాస్తున్నాను.

లక్షణం: మానిటర్ వచ్చిన అట్టపెట్టె మీద 144 అని ఉంది, ఆట మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది

కొత్త మానిటర్‌ను తగిలించినా విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్ దగ్గరే ఉండిపోతుంది. నల్లటి వాల్‌పేపర్ పెట్టి, మౌస్ బాణాన్ని వేగంగా గుండ్రంగా తిప్పి చూడండి: 60 దగ్గర బాణం ముద్రలు దూరదూరంగా విడివిడిగా కనిపిస్తాయి, 144 దగ్గర అవి దగ్గరదగ్గరగా వచ్చి దాదాపు వరుసగా అతుక్కుంటాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరకు వెళ్లి రిఫ్రెష్ రేటు మార్చితే మా వాడి సమస్యలో సగం తీరింది. జాబితాలో 144 కనిపించకపోతే కేబుల్‌ను అనుమానించాలి. పాత తరం హెచ్‌డీఎంఐ పోర్టున్న కొన్ని మానిటర్లు దాని ద్వారా 120 దాటవు కాబట్టి, డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దాన్నే వాడండి. కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో కాకుండా గ్రాఫిక్స్ కార్డులోనే ఉందో లేదో కూడా సీపీయూ వెనక్కి వంగి ఒకసారి చూసుకోవాలి.

లక్షణం: కెమెరా తిప్పగానే బొమ్మ అలుక్కుపోతోంది, పాత మానిటర్‌లో ఇలా లేదు

మా మేనల్లుడు నిజం చెప్పింది ఇక్కడే. సీఆర్‌టీ, అంటే పాత డబ్బా మానిటర్‌లో ఎలక్ట్రాన్ కిరణం తెర మీద గీత తర్వాత గీతగా బొమ్మ గీస్తుంది, కిరణం తాకిన చోట ఫాస్ఫర్ అనే పూత క్షణకాలం వెలిగి ఆరిపోతుంది, మళ్లీ కిరణం వచ్చేదాకా ఆ చోటు చీకటిగానే ఉంటుంది. ఇప్పటి పలుచని ఎల్‌సీడీ తెర అలా కాదు, ఒక ఫ్రేము (ఒక నిశ్చల బొమ్మ) వచ్చాక తర్వాతిది వచ్చేదాకా దాన్ని అలాగే నిలిపి ఉంచుతుంది. 60 హెర్ట్జ్ దగ్గర అది 16.7 మిల్లీసెకన్లు. కదిలే శత్రువు వెంట మన కన్ను ఆగకుండా జరుగుతూ ఉంటుంది, తెర మీది బొమ్మ మాత్రం ఫ్రేము ఫ్రేముకూ ఆగి ఆగి జరుగుతుంది, అందువల్ల కంటిలో అలికినట్టు పడుతుంది. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో పోయే వస్తువు 60 దగ్గర సుమారు 16 పిక్సెళ్ల మేర, 144 దగ్గర 7, 240 దగ్గర 4 పిక్సెళ్ల మేర అలుక్కుంటుంది. పిక్సెల్ రంగు మార్చడంలో ఎల్‌సీడీకన్నా ఎంతో వేగవంతమైన ఓలెడ్ (ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే తెర) కూడా 60 దగ్గర ఈ లెక్కను తప్పించుకోలేదు. దుకాణంలో పిక్సెల్ రంగు మారే సమయమంటూ చూపించే "1 ఎంఎస్" (ఒక మిల్లీసెకను) అంకెను నేను పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం ఇదే.

పరిష్కారం ఫ్రేములు పెంచడంలో ఉంది. గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 60 ఫ్రేములే ఇస్తుంటే 144 మానిటర్ చేయగలిగింది తక్కువ, కనుక ముందుగా నీడల నాణ్యత వంటి బరువైన సెట్టింగులను తగ్గించండి. మానిటర్ మెనూలో బ్యాక్‌లైట్‌ను (తెర వెనుక దీపాన్ని) ఫ్రేముకోసారి ఆర్పి వెలిగించే సదుపాయం ఉంటే అది సీఆర్‌టీ పద్ధతికి దగ్గరగా పనిచేస్తుంది, కానీ వెలుతురు బాగా తగ్గుతుంది. కిటికీ పక్కన కూర్చుని పగలు ఆడేవారికి అది పనికిరాదు. పిక్సెళ్లు త్వరగా రంగు మార్చేలా చేసే ఓవర్‌డ్రైవ్‌ను చివరిదాకా పెంచితే కదిలే వస్తువుల వెనుక వింతరంగు అంచు వస్తుంది, మధ్యస్థంగా ఉంచడమే మేలు.

లక్షణం: పాత ఆటల్లో అక్షరాలు, బొమ్మలు ముద్దగా ఉన్నాయి

సీఆర్‌టీ ఏ రెజల్యూషన్ ఇచ్చినా అదే సొంతమన్నట్టు చూపిస్తుంది, ఎల్‌సీడీకి మాత్రం నిర్ణీతమైన పిక్సెళ్లు ఉంటాయి. 480 వరుసల బొమ్మను 1080 వరుసలకు సాగదీస్తే 2.25 రెట్లు అవుతుంది, రెండింతలకు పైన మిగిలిన ఆ పావు వంతే ముద్దగా చేసేది. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఇంటీజర్ స్కేలింగ్ ఉంటే సరిగ్గా రెండింతలకే పెంచుతుంది. చుట్టూ నల్లటి అంచు మిగులుతుంది, బొమ్మ మాత్రం పదునుగా వస్తుంది.

లక్షణం: చీకటి దృశ్యాలు బూడిదరంగులో ఉన్నాయి

మొత్తం బొమ్మే వెలిసినట్టుంటే, హెచ్‌డీఎంఐలో రంగుల పరిధి 'లిమిటెడ్'గా ఉందేమో చూసి 'ఫుల్'కు మార్చండి. అలా కాక మూలల్లో మాత్రమే మెరుపు ఉంటే అది ఐపీఎస్ అనే రకం ఎల్‌సీడీ తెరల సహజ గుణం, నల్లటి వస్తువుల వెనుక మసి పూసినట్టు తోక కనిపిస్తే అది వీఏ అనే మరో రకం ఎల్‌సీడీ తెరల గుణం. వెనుక గోడ మీద చిన్న దీపం పెట్టుకుంటే మూలల మెరుపు కంటికి తక్కువగా తెలుస్తుంది. నలుపు నిజంగా నల్లగా కావాలంటే ఓలెడ్‌కు వెళ్లాలి, అయితే స్కోరు, మ్యాపు వంటి కదలని గుర్తులు గంటల తరబడి ఒకేచోట ఉంటే వాటి ముద్ర శాశ్వతంగా పడే ప్రమాదాన్ని ఒప్పుకునే కొనాలి.

లక్షణం: బొమ్మ అడ్డంగా చిరిగినట్టుంది

కార్డు ఫ్రేములకూ తెర వేగానికీ పొంతన కుదరనప్పుడు ఇలా అవుతుంది. ఆ రెండింటినీ కలిపి నడిపించే ఫ్రీసింక్ లేదా జీ-సింక్‌ను మానిటర్‌లోనూ డ్రైవర్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేయండి.

లక్షణం: ఇంకా వాడుతున్న డబ్బా మానిటర్‌లో బొమ్మ వణుకుతోంది

మన ఇళ్లలో కరెంటు ఎగుడుదిగుళ్లకు భయపడి స్టెబిలైజర్‌ను మానిటర్ పక్కనే పెడతాం. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం వెలువడుతుంది. మానిటర్ 60 దగ్గర నడుస్తుంటే, ఆ రెండింటి తేడా ప్రకారం బొమ్మ సెకనుకు పదిసార్లు ఊగుతుంది. స్టెబిలైజర్‌ను ఒక మీటరు దూరం జరిపి చూడండి, వణుకు ఆగితే మానిటర్‌లో లోపం లేనట్టే. వణుకు కాక కళ్లు లాగుతున్నట్టుంటే, మానిటర్ భరించగలిగితే 85 హెర్ట్జ్‌కు మార్చండి. మూలన రంగు మచ్చ ఉంటే స్పీకర్‌ను పక్కకు తీసి, మెనూలోని డీగాస్ (తెరకు పట్టిన అయస్కాంతాన్ని తీసేసే సదుపాయం) నొక్కండి. ఏ సందర్భంలోనూ వెనుక మూత మాత్రం విప్పవద్దు, ప్లగ్గు పీకిన తర్వాత కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.