లిబ్‌యూవీలో పని రద్దు చేశాక మెమరీని ఎక్కడ ఫ్రీ చేయాలి?

లిబ్‌యూవీ అంటే ఫైళ్లు, నెట్‌వర్క్ వంటి పనులను ప్రోగ్రాం ఆగకుండా నడిపే సి లైబ్రరీ. పనిని రద్దు చేసే దాని ఫంక్షన్ యూవీ_క్యాన్సిల్ నుంచి 0 రాగానే కింది లైన్లోనే ఫ్రీ రాయకండి. పని క్యూలోంచి తీసేశారనే దానికి అర్థం. కాల్‌బ్యాక్ (పని ముగిశాక పిలవమని మీరిచ్చిన ఫంక్షన్) ఇంకా రావాలి, లిబ్‌యూవీ ఈవెంట్ లూప్ దాన్ని తర్వాత యూవీ_ఈక్యాన్సిల్డ్ (రద్దయింది) స్టేటస్‌తో పిలుస్తుంది. ఈలోగా ఫ్రీ చేస్తే పోయిన మెమరీ మీదే లూప్ చేయి పెడుతుంది.

ఈ పనులు నడిపే థ్రెడ్‌పూల్‌లో మామూలుగా ఉండేవి 4 థ్రెడ్లు. వంతు కోసం ఆగిన పనే రద్దవుతుంది. మొదలైపోయిన పనికైతే యూవీ_క్యాన్సిల్ నుంచి యూవీ_ఈబిజీ (రద్దు కుదరదు) వస్తుంది, అది చివరిదాకా నడిచి మామూలు స్టేటస్‌తో కాల్‌బ్యాక్‌కి చేరుతుంది. రెండు దారుల్లోనూ కాల్‌బ్యాక్ ఒక్కసారే వస్తుంది కాబట్టి ఫ్రీ అక్కడే ఉండాలి.

రిక్వెస్టు, ఫలితాలు, యజమాని పాయింటర్ మూడూ ఒకే స్ట్రక్చర్‌లో పెట్టి, మెమరీని సున్నాలతో నింపి ఇచ్చే కాలాక్‌తో తీసుకోండి. స్టాక్ మీద వద్దు. సున్నాలు నింపని మాలాక్ కూడా వద్దంటాను: రద్దయిన పని ఫంక్షన్ అసలు నడవదు, ఫలితం పాయింటర్‌లో చెత్త విలువ మిగిలి, దాన్ని ఫ్రీ చేయబోతే ప్రోగ్రాం కూలుతుంది.

పనిని క్యూలో వేసే యూవీ_క్యూ_వర్క్ రుణసంఖ్య (ఎర్రర్) ఇస్తే మాత్రం కాల్‌బ్యాక్ రాదు, అక్కడికక్కడే ఫ్రీ చేయాలి.

యజమాని, అంటే ఒక కనెక్షన్ అనుకోండి, పోయేటప్పుడు ముందు దాని పాయింటర్‌ను నల్ చేసి, ఆ తర్వాత లూప్ నడిచే థ్రెడ్ నుంచే యూవీ_క్యాన్సిల్ పిలవండి. కాల్‌బ్యాక్‌లో యజమాని నల్ అయితే ఫలితం ఎవరికీ అందించకుండా శుభ్రం చేసి వదిలేయండి. ఫైల్ పనులకు రద్దయినా రిక్వెస్టును శుభ్రం చేసే యూవీ_ఎఫ్ఎస్_రెక్_క్లీనప్ తప్పదు. పేరు నుంచి నెట్‌వర్క్ చిరునామా వెతికే గెట్‌యాడర్‌ఇన్ఫోకి వచ్చే రద్దు స్టేటస్ వేరు, యూవీ_ఈఏఐ_క్యాన్సిల్డ్. చాలా కోడ్‌లో ఈ ఒక్క పోలిక తప్పిపోతుంది.

సాకెట్ రైట్‌లకు యూవీ_క్యాన్సిల్ పనికిరాదు, యూవీ_ఈఇన్వాల్ (చెల్లదు) అంటుంది. అక్కడ హ్యాండిల్‌ను (సాకెట్, టైమర్ వంటివాటికి లిబ్‌యూవీ వాడే స్ట్రక్చర్) యూవీ_క్లోజ్ చేయాలి. ఆగిన రైట్‌ల కాల్‌బ్యాక్‌లు యూవీ_ఈక్యాన్సిల్డ్‌తో ముందు వస్తాయి, క్లోజ్ కాల్‌బ్యాక్ ఆఖర్న వస్తుంది. రైట్ బఫర్‌ను లిబ్‌యూవీ కాపీ చేసుకోదు కనుక బఫర్‌ను రైట్ కాల్‌బ్యాక్‌లో, హ్యాండిల్‌ను క్లోజ్ కాల్‌బ్యాక్‌లో ఫ్రీ చేయండి. టైమర్ తీరు ఇందుకు భిన్నం: యూవీ_టైమర్_స్టాప్ తర్వాత కాల్‌బ్యాక్ రాదు, దాని మీదే ఆశపెట్టిన డేటా లీకవుతుంది. దానికీ క్లోజ్ చేసి అక్కడే ఫ్రీ పెట్టండి.

పరీక్షకు థ్రెడ్ల సంఖ్య చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ యూవీ_థ్రెడ్‌పూల్_సైజ్‌ను 1కి దించి, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో బిల్డ్ చేసి, రెండు సెకన్లు నిద్రపోయే పనిని, దాని వెనక మరొకదాన్ని క్యూలో వేయండి. మొదటిది నడవడం మొదలయ్యాక రెండింటినీ రద్దు చేస్తే మొదటిదానికి యూవీ_ఈబిజీ, రెండోదానికి 0 రావాలి. చివర్లో యూవీ_లూప్_క్లోజ్ యూవీ_ఈబిజీ ఇచ్చిందంటే ఎక్కడో మూయని హ్యాండిలో, ముగియని రిక్వెస్టో మిగిలింది.