మిస్సమ్మని ఇంట్లో పిల్లలకి చూపించాలంటే

ముందుగా ఒక మాట, "అబ్బో, ఎంత గొప్ప సినిమానో, ఇప్పుడలాంటివి ఎక్కడొస్తున్నాయి" అని మాత్రం మొదలుపెట్టకండి. అలా అన్నారంటే వాళ్ల చెయ్యి ఫోన్ మీదకి పోతుంది, ఇక వెనక్కి రాదు. మా అక్క కొడుకు దగ్గర నేను చేసిన పొరపాటు ఇదే, పేర్లు పడటం అయ్యేలోపే వాడు నిద్రపోయాడు.

రెండోసారి కథ ఒక్క ముక్కలో చెప్పాను. ఉద్యోగం లేని రావు అనే అబ్బాయి (ఎన్టీఆర్), ముక్కు మీద కోపం ఉన్న మేరీ అనే అమ్మాయి (సావిత్రి), టీచర్ ఉద్యోగాల కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పి జమీందారు ఇంట్లో దిగుతారు. అంతే. "దొరికిపోరా?" అని వాడే అడిగాడు. మేరీ ఎవరన్నది మాత్రం మీరు చెప్పకండి, వాళ్లే ముందుగా పసిగట్టేస్తారు, పసిగట్టామన్న గర్వంతోనే చివరిదాకా కూర్చుంటారు.

నిడివి దాదాపు మూడు గంటలు, పైగా 1955 నాటి బ్లాక్ అండ్ వైట్, కాబట్టి రెండు రాత్రులుగా పెట్టుకోండి. నాగేశ్వరరావు డిటెక్టివ్ వేషాలు ఊపందుకున్నాక ఆపితే మర్నాడు వాళ్లే పిలుస్తారు. 1953లో దేవదాసుగా జనాన్ని ఏడిపించినాయన, రెండేళ్లకే ఎన్టీఆర్ హీరోగా ఉన్న సినిమాలో ఇలా పక్కపాత్రలో నవ్వించడానికి ఒప్పుకున్నాడంటే నాకిప్పటికీ ముచ్చటే.

పాటలు దాటేయనివ్వకండి, ఇది ముఖ్యం. "తెలుసుకొనవే చెల్లి" అని మేరీ జమీందారు కూతురైన జమున పాత్రకి మగవాళ్ల గురించి నూరిపోస్తే, అదే వరసలో "తెలుసుకొనవే యువతి" అని రావు జవాబిస్తాడు, అంటే అవి రెండూ కలిసి ఒక పోట్లాట, ఒకటి తీసేస్తే రెండోదానికి అర్థం లేదు. "రావోయి చందమామ" కూడా పైకి యుగళగీతంలా ఉంటుంది గానీ ఇద్దరూ చంద్రుడికి ఒకరి మీద ఒకరు చెప్పుకునే ఫిర్యాదే. పింగళి నాగేంద్రరావు మాటలు అర్థం కాకపోతే పాట ఆపి చెప్పొద్దు, అయ్యాక చెప్పండి.

నవ్వొచ్చే చోట మీరు ముందే నవ్వేయడం కూడా మానుకోవాలి, నాకు ఇదే కష్టమైంది. జమీందారు దంపతులైన ఎస్వీ రంగారావు, ఋష్యేంద్రమణి ఆ దొంగ జంట మీద ప్రేమ కురిపించే కొద్దీ అబద్ధం మొయ్యలేనంత బరువవుతుంది, హాస్యమంతా అక్కడే ఉంది. ఆ సీన్లలో మాట్లాడేవాళ్లని కాదు, సావిత్రి మొహం చూడమనండి. ఆ పాత్రకి మొదట అనుకున్నది భానుమతిని, కొంత షూటింగ్ కూడా అయ్యాకే సావిత్రికి వచ్చింది, ఈ సంగతి మొదటి రాత్రి అయ్యాక చెబితే రెండో రాత్రి ఇంకా శ్రద్ధగా చూస్తారు.

భార్య అంటే ఇలా ఉండాలన్న పాతకాలపు మాటలు కొన్ని వస్తాయి, పిల్లలు విసుక్కుంటే సమర్థించకండి, వాదించుకోనివ్వండి.

అంతా అయ్యాక తమిళ మిస్సియమ్మ పాట ఒకటి పెట్టండి. అదే ఎల్.వి. ప్రసాద్, అదే సావిత్రి, అదే బాణీ, ఎన్టీఆర్ చోట జెమినీ గణేశన్. మా వాడు రెండూ మార్చి మార్చి చూసి, "ఈయన దగ్గర సావిత్రి కోపం కొంచెం తక్కువ పడుతోంది కదా మావయ్యా" అన్నాడు. నాకలా అనిపించలేదు, ఆ పంచాయితీ ఇంకా తేలలేదు.