రబ్బరు ప్యాడ్ల నుంచి మెష్ హెడ్లకు: ఎలక్ట్రానిక్ డ్రమ్ సెట్టును మెరుగుపరచుకునే పద్ధతి

రబ్బరు ప్యాడ్ల మీద ఏడాది పాటు సాధన చేసిన వారి మణికట్టుకు ఒక విషయం బాగా తెలుసు. స్టిక్ దెబ్బ ప్యాడ్ లోపలికి ఇంకకుండా తిరిగి చేతికే వస్తుంది. వాయించే వారు హెడ్‌ఫోన్లలో చక్కని స్నేర్ డ్రమ్ము మోతను వింటూ ఉంటే, పక్క గదిలో ఉన్న వారికి టకటకమనే చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. మెష్ హెడ్లు ఈ రెండు ఇబ్బందులను చాలావరకు తీరుస్తాయి. అయితే మెష్ బిగించడం పనిలో సగం మాత్రమే. దాని కింద ఉండే స్పాంజి కోను ఎత్తును సరిచూసి, ఆపైన మాడ్యూల్ (దెబ్బను ధ్వనిగా మార్చే పెట్టె) సెట్టింగులను కొత్త ప్యాడ్‌కు తగినట్లు మార్చకపోతే, ఎంత ఖరీదైన మెష్ వేసినా వాయింపు పాత రబ్బరు కన్నా అధ్వానంగా తయారవుతుంది. అందుకే ఈ వ్యాసంలో బిగింపు కన్నా ఆ రెండు పనుల గురించే ఎక్కువగా చెబుతాను.

మెష్ హెడ్ అంటే డ్రమ్ము ముఖం (హెడ్) మీద వేసే, సన్నని సింథటిక్ దారాలతో బిగువుగా నేసిన జాలీ. రోలాండ్ సంస్థ డ్రమ్ హెడ్ల తయారీదారైన రెమోతో కలిసి దీన్ని రూపొందించి, 1997లో టీడీ-10 మాడ్యూల్‌తో వచ్చిన వీ-డ్రమ్స్ సెట్టులో మొదటిసారి అందించింది. జాలీ రంధ్రాల గుండా గాలి వెళ్లిపోతుంది కనుక మామూలు హెడ్ లాగా అది గాలిని నెట్టి మోత పుట్టించదు. హెడ్ అడుగున దాన్ని తాకుతూ ఒక స్పాంజి కోను ఉంటుంది. కోను కింద పియెజో అనే పలుచని బిళ్ల ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు పుట్టిన కంపనం కోను ద్వారా పియెజోకు చేరి విద్యుత్ సంకేతంగా మారుతుంది. ఆ సంకేతం ఎంత బలంగా ఉందో చూసి మాడ్యూల్ తనలో ఉన్న ధ్వనిని వినిపిస్తుంది. కాబట్టి హెడ్‌ను ఎంత బిగించినా వినిపించే శ్రుతి మారదు. బిగువు వల్ల మారేవి స్టిక్ తిరిగి లేచే తీరు, కంపనం కోనుకు చేరే తీరు మాత్రమే.

మొదట మీ సెట్టు ఏ రకమో చూసుకోవాలి. ఇప్పటికే మెష్ ప్యాడ్లు ఉండి, వాటి మీద ఒకే పొర జాలీ ఉన్నట్లయితే, అదే కొలతలో రెండు లేదా మూడు పొరల హెడ్లు తెచ్చి మార్చుకుంటే సరిపోతుంది. రబ్బరు ప్యాడ్లు ఉన్న వారికి ఈ సౌలభ్యం లేదు. ఆ ప్యాడ్‌లో హెడ్‌ను సాగదీసి పట్టి ఉంచే షెల్ (డ్రమ్ము గుండ్రని గోడ) గాని, రిమ్ (హెడ్ అంచును పట్టే చట్రం) గాని ఉండవు కనుక మెష్ తెచ్చి దాని మీద వేయడం కుదరదు. అటువంటప్పుడు మాడ్యూల్‌కు సరిపడే మెష్ ప్యాడ్ కొనుక్కోవాలి, లేదా పాత అకౌస్టిక్ (ఎలక్ట్రానిక్ కాని మామూలు) టామ్ డ్రమ్ము ఒకటి సంపాదించి దాని లోపల ట్రిగ్గర్ (దెబ్బను పసిగట్టే పియెజో అమరిక) అమర్చుకోవాలి. ఏ దారి ఎంచుకున్నా సెట్టు మొత్తాన్ని ఒకేసారి మార్చవద్దని నా సలహా. స్నేర్‌తో మొదలుపెట్టండి. సాధనలో ఎక్కువ దెబ్బలు పడేది దాని మీదే, చిన్న దెబ్బకూ పెద్ద దెబ్బకూ తేడా స్పష్టంగా పలకవలసిందీ దాని మీదే. టామ్‌లు ఆరు నెలల తరువాత మార్చినా నష్టం లేదు.

ప్యాడ్ కొనేముందు మాడ్యూల్ మాన్యువల్‌లో ఆ ఇన్‌పుట్ ఒక జోన్‌దా, రెండు జోన్లదా (హెడ్ ఒక్కటే పలుకుతుందా, రిమ్ కూడా విడిగా పలుకుతుందా) అన్నది చదవాలి. రోలాండ్ మెష్ స్నేర్ ప్యాడ్లలో హెడ్‌కు ఒకటి, రిమ్‌కు ఒకటి చొప్పున రెండు పియెజోలు ఉంటాయి. యమహా ప్యాడ్లలో ఎక్కువగా హెడ్‌కు పియెజో, రిమ్‌కు స్విచ్ ఉంటాయి. ఒక పద్ధతి ప్యాడ్‌ను మరో పద్ధతి మాడ్యూల్‌కు కలిపితే హెడ్ పలికినా రిమ్ పలకకపోవచ్చు. పెద్ద మాడ్యూళ్ల కోసం వచ్చిన కొన్ని ప్యాడ్లకు మామూలు జాక్ ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. 2016లో టీడీ-50తో పాటు వచ్చిన రోలాండ్ పీడీ-140డీఎస్ స్నేర్ యూఎస్‌బీ ద్వారా పనిచేస్తుంది కనుక దాన్ని చిన్న సెట్లకు తగిలించడం సాధ్యం కాదు.

హెడ్ కొలత అంటే షెల్ వ్యాసం. పాత రిమ్‌ను కొలిచి హెడ్ కొనేవారు తరచుగా పొరబడతారు. రిమ్ తీసివేసి, షెల్ పై అంచును ఒక బయటి కొన నుంచి ఎదుటి బయటి కొన వరకు కొలవాలి. 10 అంగుళాల డ్రమ్ము సుమారు 254 మిల్లీమీటర్లు, 12 అంగుళాలది సుమారు 305 మిల్లీమీటర్లు ఉంటుంది. పొరల విషయంలో నా అభిప్రాయం స్పష్టమైనది. ఒకే పొర హెడ్ మీద స్టిక్ అతిగా లేస్తుంది. దాని మీద నేర్చుకున్న రోల్స్ (ఎడతెగకుండా వేగంగా వేసే దెబ్బలు) అసలైన డ్రమ్ము ముందు కూర్చున్నప్పుడు చేతికి రావు. అకౌస్టిక్ సెట్టు చప్పుడు తగ్గించడానికి అమ్మే రెమో సైలెంట్‌స్ట్రోక్ హెడ్లు కూడా ఒకే పొరవే. స్నేర్‌కు వీలైతే మూడు పొరలు, లేకుంటే రెండు పొరలు ఉన్న హెడ్ తీసుకోవడం మంచిది.

ఇక పాత 12 అంగుళాల టామ్‌ను స్నేర్ ప్యాడ్‌గా మార్చే పని చూద్దాం. 35 మిల్లీమీటర్ల పియెజో ఒకటి హెడ్ కోసం, 27 మిల్లీమీటర్లది ఒకటి రిమ్ కోసం కావాలి. తీగలు ముందుగానే అతికించి అమ్మే బిళ్లలనే కొనండి. బిళ్ల మధ్య ఉన్న తెల్లని సిరామిక్ భాగం మీద సోల్డరింగ్ వేడి ఎక్కువసేపు నిలిస్తే అది పాడైపోతుంది. వీటితో పాటు ఒక స్పాంజి కోను, మందపాటి రెండువైపుల అంటుకునే ఫోమ్ టేపు, షెల్‌కు అడ్డంగా పట్టే అల్యూమినియం పట్టీ, ఒక స్టీరియో జాక్ సాకెట్, డ్రమ్ కీ సమకూర్చుకోవాలి.

పట్టీ రెండు చివరలను ఎదురెదురుగా ఉన్న లగ్గుల (షెల్ మీద రాడ్లు దిగే దిమ్మెల) స్క్రూలకు లోపలి వైపు నుంచి బిగిస్తే షెల్‌కు కొత్త రంధ్రాలు చేయనక్కరలేదు. పట్టీ మధ్యలో ఫోమ్ టేపు, దాని మీద పెద్ద పియెజో, పియెజో మీద కోను వరుసగా అతికించాలి. చిన్న పియెజోను షెల్ లోపలి గోడకు అదే టేపుతో అంటించాలి. రెండు బిళ్లల నల్లని తీగలను కలిపి సాకెట్‌లో జాక్ మొదలుకు తగిలే కాలికి, హెడ్ పియెజో ఎర్ర తీగను జాక్ కొనకు తగిలే కాలికి, రిమ్ పియెజో ఎర్ర తీగను మధ్య వలయానికి తగిలే కాలికి సోల్డరింగ్ చేయాలి. రెండు పియెజోలతో పనిచేసే ఇన్‌పుట్‌కే ఈ అమరిక వర్తిస్తుంది. హెడ్ మూసేముందు మల్టీమీటర్‌తో తీగలన్నీ సరిగ్గా కలిశాయో లేదో చూసుకుంటే తరువాత అంతా విప్పే శ్రమ తప్పుతుంది.

ఇప్పుడు కోను ఎత్తు. షెల్ పై అంచు మీద ఒక స్కేలును అడ్డంగా పెట్టి చూస్తే కోను కొన స్కేలును కొద్దిగా పైకి నెట్టాలి. 2 నుంచి 3 మిల్లీమీటర్లు చాలు. కోను అంచు కన్నా దిగువన ఉంటే మెష్ దానికి సరిగా తగలక చిన్న దెబ్బలు పలకవు. ఎక్కువ ఎత్తుగా ఉంటే హెడ్ బిగించగానే స్పాంజి నొక్కుకుపోయి, సరిగ్గా మధ్యలో కొట్టినప్పుడు మాత్రం ధ్వని పేలినట్లు వచ్చి, నాలుగు వేళ్ల దూరంలో అదే దెబ్బ మందకొడిగా వినిపిస్తుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు కోను 8 మిల్లీమీటర్లు పైకి వచ్చేలా అమర్చి, తప్పు మాడ్యూల్‌లో ఉందనుకుని రెండు వారాలు సెట్టింగులతోనే సతమతమయ్యాను. చివరికి పట్టీ కింద వాషర్లు తీసి ఎత్తు తగ్గించిన సాయంత్రమే ప్యాడ్ సమంగా పలికింది. అందుకే పట్టీని ఎత్తు మార్చడానికి వీలుగా వాషర్లతో బిగించమని గట్టిగా చెబుతున్నాను.

మెష్‌ను వేసే ముందు షెల్ అంచును పొడి గుడ్డతో తుడిచి, ఎక్కడైనా చీలిక గాని పదును గాని ఉందేమో వేలితో తడిమి చూడాలి. ఆ పదునే జాలీని లోపలి నుంచి కోస్తుంది. హెడ్‌ను, దాని మీద రిమ్‌ను ఉంచి, రిమ్‌ను బిగించే రాడ్లన్నిటినీ ముందుగా చేతి వేళ్లతో తిరిగినంత వరకు తిప్పాలి. ఆ తరువాత డ్రమ్ కీతో ఒక రాడ్‌ను అర చుట్టు తిప్పి, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న రాడ్‌ను అర చుట్టు తిప్పి, ఇలా ఎదురెదురుగా సాగాలి. మృదంగం శ్రుతి చేసే విద్వాంసులు అంచు చుట్టూ ఎదురెదురు చోట్ల తడుతూ సమం చేయడం చూసిన వారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. వరుసగా పక్కపక్క రాడ్లు బిగిస్తే రిమ్ ఒక వైపుకు ఒరిగి, హెడ్ మడత పడుతుంది. రెండు మూడు ఆవృత్తులు అయ్యాక అరచేతితో మధ్యలో మెల్లగా నొక్కి హెడ్‌ను కుదురుకోనిచ్చి, మళ్లీ పావు చుట్టు చొప్పున బిగించాలి. ప్రతి రాడ్ దగ్గర వేలితో నొక్కినప్పుడు బిగువు ఒకేలా తగలాలి. స్నేర్‌ను గట్టిగా, టామ్‌లను కొంచెం వదులుగా ఉంచుకోవచ్చు. మరీ వదులుగా ఉంటే ఒక దెబ్బకు రెండు ధ్వనులు వస్తాయి. మరీ బిగిస్తే, ముఖ్యంగా ప్లాస్టిక్ షెల్ ఉన్న ప్యాడ్లలో, లగ్గులు పగులుతాయి. కొత్త జాలీ మొదటి కొద్ది రోజులలో సాగుతుంది కనుక వారం తరువాత మరొకసారి సరిచేయాలి. చివరగా రిమ్ మీద రబ్బరు తొడుగు వేయడం మరువకూడదు; అది లేకపోతే రిమ్ షాట్ చప్పుడు ఇల్లంతా వినిపిస్తుంది.

మాడ్యూల్ పనికి వచ్చేముందు పాత సెట్టింగులన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ప్యాడ్ రకాల జాబితా ఉంటే మీ ప్యాడ్‌కు దగ్గరగా ఉన్న మెష్ రకాన్ని ఎంచుకోవాలి. రబ్బరు రకం అలాగే ఉంచితే తక్కిన శ్రమంతా వృథా అవుతుంది. మొదట సెన్సిటివిటీ (దెబ్బకు ప్యాడ్ ఎంతగా స్పందించాలన్నది) చూడాలి. మీరు పాటలో నిజంగా కొట్టే అత్యంత బలమైన దెబ్బకు మాత్రమే మాడ్యూల్ చూపే విలువ గరిష్ఠమైన 127కు చేరాలి. మామూలు దెబ్బలకే 127 వస్తుంటే సెన్సిటివిటీ తగ్గించాలి, లేకపోతే దెబ్బల మధ్య తేడా మాయమవుతుంది. త్రెషోల్డ్‌ను (ధ్వని రావడానికి కావలసిన కనీస దెబ్బ బలం) బాగా తక్కువ నుంచి మొదలుపెట్టి, ప్యాడ్ తనంతట తాను మోగడం ఆగే వరకే పెంచాలి. అంతకు మించి పెంచితే ఘోస్ట్ నోట్లు (చాలా మెల్లని దెబ్బలు) పోతాయి. ఒక దెబ్బకు రెండు ధ్వనులు వస్తుంటే రీట్రిగ్గర్ క్యాన్సిల్‌ను గాని, మాస్క్ టైమ్‌ను (ఒక దెబ్బ తరువాత ప్యాడ్ మళ్లీ స్పందించని క్షణం) గాని కొద్దికొద్దిగా పెంచి, ప్రతిసారీ వేగంగా ఒక రోల్ వాయించి చూడాలి. రోల్‌లో దెబ్బలు తప్పిపోతుంటే ఎక్కువ పెంచినట్లే. కర్వ్‌ను (దెబ్బ బలాన్ని బట్టి ధ్వని పెరిగే తీరు) మాత్రం లీనియర్ (సమంగా పెరిగేది) మీద ఉంచి, మిగిలినవన్నీ కుదిరాకనే ముట్టుకోవాలి.

ఒక ప్యాడ్‌ను కొడితే మరొకటి మోగడాన్ని క్రాస్‌టాక్ అంటారు. స్నేర్ కొట్టినప్పుడు టామ్ మోగుతుంటే, రోలాండ్ మాడ్యూళ్లలో క్రాస్‌టాక్ విలువను పెంచవలసింది తప్పుగా మోగుతున్న టామ్‌కు. అయితే సెట్టింగు మార్చేముందు ర్యాక్ క్లాంపులు వదులుగా ఉన్నాయేమో, రెండు ప్యాడ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి. ఇంట్లో చేసిన స్నేర్ ప్యాడ్‌ను ర్యాక్ మీద కాక విడిగా స్నేర్ స్టాండ్ మీద పెడితే ఈ సమస్య చాలావరకు రాదు.

మెష్ వేశాక కూడా కింది అంతస్తు వారికి వినిపించేది కిక్ పెడల్. ఆ చప్పుడు గాలిలో కాక నేల గుండా వెళుతుంది కనుక కార్పెట్ వేసినంత మాత్రాన ఆగదు. రెండు ప్లైవుడ్ పలకల మధ్య, అడుగు పలకకు చేసిన రంధ్రాలలో కూర్చునేలా టెన్నిస్ బంతులు పెట్టి, ఆ వేదిక మీద సెట్టును ఉంచడం చాలామంది వాడే ఉపాయం. బంతులు సెట్టు బరువుతో పాటు మీ బరువునూ మోయాలి కనుక వాటిని దగ్గరదగ్గరగా అమర్చాలి. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు హెడ్ల కన్నా ముందు దీనికే ఖర్చు పెట్టినా నేను తప్పు అనను.

జాలీకి అసలు శత్రువు కొన పొరలు లేచిన చెక్క స్టిక్. ఆ చిన్న పేళ్లు దారాలను పట్టి లాగుతాయి. నైలాన్ కొన ఉన్న స్టిక్‌లు వాడాలి, లేదా చెక్క కొనను ప్రతిసారీ వేలితో తడిమి చూసి గరుకుగా ఉన్నదాన్ని పక్కన పెట్టాలి. మెష్ కిక్ ప్యాడ్‌కు ఫెల్ట్ బీటర్ బదులు నున్నని ప్లాస్టిక్ లేదా రబ్బరు బీటర్ వాడి, దెబ్బ పడే చోట ఒక ప్యాచ్ అంటించాలి. చాలా నెలల తరువాత ప్యాడ్ మధ్యలో స్పందన తగ్గినట్లు అనిపిస్తే హెడ్‌ను అనుమానించే ముందు రిమ్ విప్పి కోనును చూడండి. స్పాంజి నలిగి కుదించుకుపోయి ఉంటే, కొత్త కోను అతికించి, స్కేలు పెట్టి మళ్లీ 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేలా చూసుకుని మూసేయండి.