పాత అట్లాస్ ఏ ఏడాదిదో కజకిస్తాన్ రాజధాని చూసి చెప్పేయొచ్చు

పాత అట్లాస్ దొరికింది, ముందు పేజీలు చిరిగిపోయాయి, ఎప్పటిదో తెలీట్లేదు అనుకోండి. సోవియట్ యూనియన్ ఉందా లేదా అని అందరూ చూస్తారు గానీ దాంతో పెద్దగా తేలదు. కజకిస్తాన్ దగ్గర రెండు చోట్ల చూడండి, కింద ఆగ్నేయం మూల ఆల్మటీ, పైన ఉత్తరాన ఇషీమ్ నది ఒడ్డునున్న ఊరు (ఇప్పటి అస్తానా), రాజధాని గుర్తు దేనికుందో, పేరేం వేశారో చూస్తే చాలు.

గుర్తు ఆల్మటీకి ఉంటే 1929 నుంచి 1997 లోపుది. దానికీ ముందు ఐదేళ్లు ఓరెన్‌బర్గ్ (ఇప్పుడది రష్యాలో ఉంది), తర్వాత కొన్నాళ్లు కిజిలోర్దా, కానీ అంత పాత మ్యాపులు మనకి దొరకవులెండి. పేరు ఆల్మా-అతా అని ఉంటే సోవియట్ వాసన ఇంకా పోలేదన్నమాట.

అసలు మజా పైన ఊరిది. అక్మోలిన్‌స్క్ అని ఉంటే 1961కి ముందుది. త్సెలినోగ్రాద్ అంటే 1961-92 మధ్యది, సోవియట్ నేత క్రుశ్చేవ్ అక్కడి బీళ్లన్నీ దున్నించి గోధుమ వేయించాడు కదా, ఆ ఊపులో పెట్టిన పేరు. 1992లో అక్మోలా చేశారు. ఆల్మటీకి భూకంపాల భయం, పైగా చైనా సరిహద్దు దగ్గర, ఊరు పెంచడానికి చోటు లేదు అని అప్పటి అధ్యక్షుడు నూర్‌సుల్తాన్ నజర్‌బాయెవ్ 1997 డిసెంబర్‌లో రాజధానిని ఇక్కడికి తెచ్చాడు, 1998 మేలో పేరు అస్తానా అయిపోయింది. అంటే అక్మోలా పేరుతో రాజధాని గుర్తు ఉన్న మ్యాప్ ఐదు నెలల సరుకు, దొరికితే దాచుకోండి. నూర్-సుల్తాన్ అని ఉంటే ఇంకా ఈజీ, 2019 మార్చిలో నజర్‌బాయెవ్ దిగిపోగానే ఆయన పేరు పెట్టేశారు, 2022 సెప్టెంబర్‌లో తీసేసి మళ్లీ అస్తానా అన్నారు.

మరి అస్తానా అని ఉంటే పాతదా కొత్తదా? యూరప్‌లో మాసిడోనియా దేశం చూడండి, ఉత్తర మాసిడోనియా అని ఉంటే 2022 తర్వాతదే అనుకోవచ్చు, ఎందుకంటే ఆ పేరు కూడా 2019లోనే మారింది.

అక్మోలా అనే పేరు మాత్రం మోసం చేస్తుంది, ఆ పేరుతో ఇప్పటికీ ఒక ప్రాంతం ఉంది, దాని కేంద్రం కోక్షెతౌ, కాబట్టి ఊరి పేరా ప్రాంతం పేరా చూసుకోండి. ఇంకోటి, పబ్లిషర్లు పాత మ్యాపునే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అచ్చేస్తుంటారు, కాబట్టి పుస్తకం ఇంతకన్నా పాతది కాదు అని గట్టిగా చెప్పొచ్చు గానీ ఇంతకన్నా కొత్తది కాదు అని మాత్రం పందెం కాయకండి.