ఫైర్ స్టేషన్‌లో తరచూ వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

ఒక్క వాటర్ టెండర్ (నీళ్ల ట్యాంకున్న ఫైరింజన్), దాని మీద ఆధారపడ్డ కొన్ని మండలాలు, ఎప్పుడూ రెండు మూడు ఖాళీలుండే సిబ్బంది. తెలుగు రాష్ట్రాల్లో చిన్న పట్టణపు ఫైర్ స్టేషన్ చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. కొత్తగా చార్జి తీసుకున్న స్టేషన్ ఫైర్ ఆఫీసర్ చెవిన పడే ఫిర్యాదులు కింద ఉన్నాయి. మంటల దగ్గర బయటపడ్డ లోపానికి కారణం చాలాసార్లు స్టేషన్‌లోనే దొరుకుతుంది. వెతకడం అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

"అంతా కాలిపోయాక వచ్చారు"

కాల్ అందిన టైము, బండి గేటు దాటిన టైము, అక్కడికి చేరిన టైము. గత రెండు నెలల కాల్స్‌కి ఈ మూడూ పక్కపక్కన రాసి చూడండి. ఆలస్యం ఏ ముక్కలో ఉందో తెలిసిపోతుంది.

గేటు దాటడానికే రెండు మూడు నిమిషాలు పడుతుంటే, సిబ్బందిని కేకలేసే ముందు క్యాబిన్ ఎక్కి ఎయిర్ గేజ్ చూడండి. రాత్రంతా నిలిపిన బండిలో బ్రేకు గాలి కారిపోతే, ఇంజిన్ స్టార్టయినా ప్రెషర్ ఎక్కేదాకా బండి కదలదు. సబ్బు నురగ పూసి జాయింట్లు చూస్తే బుడగ లేచిన చోటే లీకు. ఎయిర్ ట్యాంకుల్లో చేరే నీటిని రోజూ వదిలించండి. గాలి సరిగ్గానే ఉంటే లోపం డ్యూటీ పంపకంలో ఉంటుంది. షిఫ్టు మారగానే ఎవరు ఏ సీటు, ఎవరు బ్రాంచి (నీటి పైపు చివర నాజిల్ ఉండే గొట్టం), ఎవరు హోస్ (ఆ నీటి పైపు) అన్నది బోర్డు మీద పడాలి.

దారిలో ఆలస్యమైతే ముందు కాల్స్ అందుకునే వాచ్‌రూమ్‌ను అనుమానించండి. రామాపురాలు, కొత్తపల్లెలు ఒకే జిల్లాలో నాలుగైనా ఉంటాయి. ఊరి పేరుతో ఆగకుండా మండలం, పక్కనున్న గుడో బడో పెట్రోల్ బంకో రాసుకోవాలి. కాల్ 101కి వచ్చినా 112 నుంచి వచ్చినా, బండి కదిలాక ఆ నంబరుకు తిరిగి ఫోన్ చేసి, రోడ్డు మీద ఒక మనిషిని నిలబెట్టమని అడగాలి.

"ఖాళీ ట్యాంకుతో వచ్చారు, ఐదు నిమిషాలకే నీళ్లయిపోయాయి"

ఊళ్లో గొడవ జరిగేది ఎక్కువగా దీని మీదే. ట్యాంకు నిండుగానే ఉండి ఉంటుంది, లెక్క అలాంటిది మరి. నాజిల్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి, బార్లలో ఉన్న ప్రెషర్ వర్గమూలంతో గుణించి, మూడింట రెండు వంతులు తీసుకుంటే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 20 మి.మీ. నాజిల్, 4 బార్ల ప్రెషర్ అయితే దాదాపు 530 లీటర్లు. 4,500 లీటర్ల టెండర్‌కి ఒక బ్రాంచి పెడితే ఎనిమిది నిమిషాల పైచిలుకు, రెండు పెడితే నాలుగే. అదే ప్రెషర్‌లో 12.5 మి.మీ. నాజిల్ నిమిషానికి 210 లీటర్ల లోపే తీసుకుంటుంది, ట్యాంకు ఇరవై నిమిషాలు దాటి వస్తుంది.

గడ్డివాముకి పెద్ద నాజిల్ దండగ. పైన కొట్టిన నీళ్లు జారిపోతాయి, లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. జేసీబీతోనో కొక్కేలతోనో విడదీయిస్తూ, చేతి దగ్గరే నీళ్లు ఆపుకోగలిగే బ్రాంచితో కొద్దికొద్దిగా తడపాలి. పొగ చూడగానే పక్క స్టేషన్ బండిని అడిగేయండి. ట్యాంకు సగమయ్యాక అడిగితే మధ్యలో నీళ్లుండవు.

నీటి వనరుల జాబితా కూడా తిరగరాయాలి. ఫిబ్రవరిలో రాసిన చెరువు ఏప్రిల్‌కి ఎండిపోవచ్చు. వ్యవసాయ బోరును నమ్ముకుంటే అక్కడ త్రీఫేజ్ కరెంటు ఏ వేళల్లో ఉంటుందో పక్కనే రాసి పెట్టండి. టెండర్ గట్టు దాకా వెళ్లని చోట పోర్టబుల్ పంపు కావాలి. ఆ మాటా జాబితాలోనే ఉండాలి.

"పంపు నీళ్లు లాగట్లేదు"

వాక్యూమ్ గేజ్ చూడండి. ముల్లు లేవకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. సక్షన్ హోస్ (చెరువులోంచో బావిలోంచో నీళ్లు లాగే పైపు) కప్లింగుల్లో వాషర్లు, డ్రెయిన్ కాక్, మూయని డెలివరీ వాల్వు వరసగా చూడాలి. ముల్లు బాగా లేచినా నీళ్లు రాకపోతే స్ట్రెయినర్ (ఆ పైపు చివరి జల్లెడ) మూసుకుపోయింది, లేదా నీళ్లు మరీ లోతున ఉన్నాయి. గుర్రపుడెక్క పట్టిన చెరువులో స్ట్రెయినర్‌ని బుట్టలో పెట్టి దించాలి. సక్షన్‌తో పంపు ఆచరణలో ఏడు మీటర్ల లోతు దాటి లాగలేదు. వేసవిలో అంతకంటే కిందికి దిగిపోయే వ్యవసాయ బావిని జాబితాలోంచి కొట్టేయండి.

"బీఏ సెట్లున్నాయి, ఎవరూ వేసుకోరు"

బీఏ సెట్ అంటే పొగలో ఊపిరి కోసం వీపున మోసే గాలి సిలిండర్, దానికి మాస్కు. వేసుకోకపోవడానికి కారణం సిలిండర్ సగం ఖాళీగా ఉండటం, గాలి నింపే కంప్రెసర్ దూరంగా ఉండటం, మాస్కును బిగుతుగా కూర్చోనివ్వని పెరిగిన గడ్డం, వీటిలో ఏదో ఒకటి. నింపిన తేదీ, బార్లు సిలిండర్ మీద చీటీగా అంటించండి. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్లుంటే 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు, కష్టపడేవాడికి ఇంకా తక్కువ. లోపలికి వెళ్లినవాళ్ల టైము బయట ఒకరు రాసుకోకపోతే సెట్టు ఉన్నా ప్రమాదమే.

"ఫైర్ రిపోర్టు కోసం తిప్పించుకుంటున్నారు"

బాధితుడికి ఆ కాగితం బీమాకీ ప్రభుత్వ సాయానికీ కావాలి. ఆలస్యమయ్యేది స్థలంలో వివరాలు తీసుకోకుండా వచ్చేసినందుకే. యజమాని పేరు, ఇంటి నంబరో సర్వే నంబరో, ఏవి కాలాయి, ఏవి కాపాడాం అన్నది హోస్ చుట్టేలోపు లీడింగ్ ఫైర్‌మ్యాన్ రాసుకోవాలి. కారణం గడిలో మాత్రం అలవాటుగా "షార్ట్ సర్క్యూట్" అని నింపొద్దు. మీటరు, వైర్లు ఎవరూ చూడనప్పుడు "తెలియలేదు" అని రాయండి. రేపు బీమా సర్వేయర్ అడిగినా కోర్టులో అడిగినా ఆ సంతకం మీదే.