బ్రోకర్ లేకుండా ఇల్లు అమ్ముకోవడం ఎలా? ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా ఉన్న తెలుగువాళ్ల కోసం

పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడ్డారు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పాత ఇంటికి తాళం వేసి ఉంది. అమ్మేద్దాం అనుకోగానే ముందు గుర్తొచ్చేది బ్రోకరే. కమీషన్ ఒక శాతం అన్నా, రెండు శాతం అన్నా, 40 లక్షల ఇంటి మీద అది 40 వేల నుంచి 80 వేల దాకా అవుతుంది. ఇల్లు అమ్మడానికి బ్రోకర్ ఉండి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. మీ ఇల్లు మీరే అమ్ముకోవచ్చు.

కాకపోతే ఒక మాట గట్టిగా చెప్తాను. బోర్డు పెట్టకముందే కాగితాలు తేల్చుకోండి. కొనేవాళ్లు దొరక్క ఆగిపోయే బేరాలు తక్కువ. అడ్వాన్స్ తీసుకున్నాక కొనేవాళ్ల లాయరు నాలుగు ప్రశ్నలు వేస్తే, వాటికి జవాబు లేక చెడిపోయే బేరాలే ఎక్కువ. అందుకే ఈ వ్యాసంలో సగం కాగితాల గురించే ఉంటుంది.

ముందు పట్టా చూడండి

ఒడిశాలో భూమి హక్కుకు మూలం రికార్డ్ ఆఫ్ రైట్స్. జనం దాన్ని పట్టా అంటారు. ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైట్‌లో జిల్లా, తహసీల్, గ్రామం ఎంచుకుని ఖాతా నంబరుతోనో ప్లాట్ నంబరుతోనో యజమాని పేరుతోనో వెతికితే కనిపిస్తుంది. అది ఒడియాలో ఉంటుంది. మీకు చదవడం రాకపోతే చదవగలిగిన వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి గడీ చదివించుకోండి.

మొదటి పేజీలో యజమాని పేరు, తండ్రి పేరు, కులం, నివాసం ఉంటాయి. వెనక పేజీలో ప్లాట్ నంబరు, భూమి రకం, విస్తీర్ణం ఉంటాయి. ఆ భూమి రకాన్ని కిసం అంటారు. ఇల్లున్న స్థలానికి అక్కడ 'ఘరబారి' అని ఉండాలి. 'సారద' లాంటి సాగుభూమి రకం ఉందంటే, ఇల్లు కట్టి ముప్పై ఏళ్లయినా రికార్డు ప్రకారం అది ఇంకా పొలమే. ఒడిశా భూ సంస్కరణల చట్టం 8ఏ సెక్షన్ కింద తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి మార్పించుకోవాలి. లోన్ మీద కొనేవాళ్లకు బ్యాంకు ముందు అడిగేది ఇదే.

ఒకప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రాంతం కాబట్టి ఇంకో చిక్కు కూడా ఉంది. గంజాం, గజపతి, కోరాపుట్ వైపు కొన్ని ఇళ్ల స్థలాలు రికార్డుల్లో 'గ్రామకంఠ పరంబోకు' అని, అంటే ఊరి నివాసాల కోసం ఉన్న ప్రభుత్వ భూమి అని ఉంటాయి. మూడు తరాలుగా కాపురం ఉంటున్నా పట్టా కుటుంబం పేరున ఉండదు. అలాంటి ఇల్లు అమ్మాలంటే ముందు తహసీల్‌లో సెటిల్‌మెంట్ సంగతి తేలాలి. తేలకుండా ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోకండి.

విస్తీర్ణం ఎకరాలు, డెసిమల్స్‌లో ఉంటుంది. ఇచ్ఛాపురం, పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు సెంట్లలోనో గజాల్లోనో అడుగుతారు. డెసిమల్ అన్నా సెంటు అన్నా ఒకటే కొలత, 435.6 చదరపు అడుగులు, అంటే 48.4 గజాలు. నాలుగు డెసిమల్స్ స్థలం 193.6 గజాలు అవుతుంది. ఒక అమీన్‌ని, అంటే భూమి కొలిచే సర్వేయర్‌ని పిలిచి హద్దులు కొలిపించండి. కాగితం మీద నాలుగు ఉండి నేల మీద మూడున్నర తేలితే, ఆ సంగతి కొనేవాళ్ల కంటే ముందు మీకు తెలియాలి.

పట్టా ఎవరి పేరున ఉంది?

ఎక్కువ ఇళ్లు ఇక్కడే ఆగిపోతాయి. తాతగారో నాన్నగారో పోయి చాలా ఏళ్లయినా పట్టా ఇంకా వాళ్ల పేరునే ఉంటుంది. నాన్నగారు సొంతంగా సంపాదించిన ఇల్లై, వీలునామా రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు, నాయనమ్మ బతికుంటే ఆవిడకు కూడా సమాన వాటా వస్తుంది. పిత్రార్జితంలో కూడా 2005 సవరణ తర్వాత ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా హక్కు ఉంది.

"అక్కకు పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా" అనే మాట రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లదు. అక్క శ్రీకాకుళంలో ఉన్నా అమెరికాలో ఉన్నా ఆవిడ సంతకం కావాలి. లేదంటే ఆవిడ తన వాటా వదులుకుంటూ రిజిస్టర్డ్ దస్తావేజు రాసివ్వాలి. దయచేసి ఈ విషయం ఆడపడుచులతో ముందే, మనసు విప్పి మాట్లాడండి. డబ్బు చేతికొచ్చాక మాట్లాడదాం అనుకుంటే బంధుత్వం పాడవుతుంది, బేరమూ పాడవుతుంది. నా మట్టుకు, వాళ్ల వాటా వాళ్లకు ఇవ్వడమే న్యాయం.

తహసీల్దార్ దగ్గర లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తీసుకుని, మ్యుటేషన్ చేయించి వారసులందరి పేర్లూ పట్టాలోకి ఎక్కించండి. దీనికి నెలలు పడుతుంది కాబట్టి అమ్మాలన్న ఆలోచన రాగానే మొదలుపెట్టాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నది మీ తరఫున సంతకం పెట్టడానికే. ఇంటిని పవర్ ఆఫ్ అటార్నీ మీదే అమ్మేశాం అంటే హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

కులం గడిని తేలిగ్గా తీసుకోవద్దు

పట్టాలో షెడ్యూల్డ్ కులం లేదా తెగ అని ఉండి, కొనేవాళ్లు ఆ వర్గాలవాళ్లు కాకపోతే, భూ సంస్కరణల చట్టం 22వ సెక్షన్ ప్రకారం రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి. అది లేని అమ్మకం చెల్లదు. కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ 1956 నాటి రెగ్యులేషన్, దానికి 2002లో వచ్చిన సవరణ ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడానికే లేదు. మీ తండ్రిగారు ఎప్పుడో ఒక గిరిజన కుటుంబం దగ్గర తెల్లకాగితం మీద కొన్న స్థలమైతే, అమ్మకం మాట పక్కన పెట్టి ముందు మంచి లాయరును కలవండి. ఆ నిబంధన పెట్టింది నేల కోల్పోయేవాళ్ల కోసం. దాన్ని తప్పించుకునే దారులు వెతకొద్దు.

మిగతా కాగితాలు

మూల దస్తావేజు, ఇ.సి. (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), హోల్డింగ్ టాక్స్ (ఇంటి పన్ను) రసీదు, భూమి శిస్తు రసీదు, కరెంటు బిల్లు, ఇంటి ప్లాన్ ఉంటే అది. ఇ.సి.కి ఒడిశా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. చాలామంది లాయర్లు ముప్పై ఏళ్లది అడుగుతారు, అంతకే తీసుకోండి.

ఇంటి మీద లోన్ తీరిపోయి ఉంటే బ్యాంకు నుంచి నో డ్యూస్ లెటరు, ఒరిజినల్ కాగితాలు తెచ్చుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2023 డిసెంబర్ 1 తర్వాత తీరిన అప్పులకు 30 రోజుల్లోపు కాగితాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలి.

1936 ఏప్రిల్ 1కి ముందు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే కొన్ని కుటుంబాల్లో పాత దస్తావేజులు తెలుగులో ఉంటాయి. కొనేవాళ్ల లాయరుకు తెలుగు రాకపోవచ్చు. ముందే ఇంగ్లిష్‌లోకో ఒడియాలోకో అనువాదం చేయించి నోటరీ వేయించి ఉంచండి. ఆ పాత కాగితాన్ని మాత్రం ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టండి, లామినేషన్ చేయించకండి.

ధర ఎంత చెప్పాలి?

రెండు అంకెలు తెలుసుకోండి. మొదటిది ప్రభుత్వ బెంచ్‌మార్క్ విలువ, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన విలువ. ఇది రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర తెలుస్తుంది. రెండోది మీ వీధిలో ఈ మధ్య నిజంగా అమ్ముడైన ధర. చెప్పిన ధర వేరు, చేతికొచ్చిన ధర వేరు కాబట్టి అమ్మినవాళ్లనే నేరుగా అడగండి. పాత ఇంటికి స్థలం విలువే ప్రధానం. మీరు పెంచుకున్న మామిడిచెట్టుకు, నాన్నగారు వేయించిన టేకు తలుపులకు మీ మనసులో ఉన్న విలువ మార్కెట్‌లో రాదు. కష్టంగా ఉన్నా ఇది ఒప్పుకోవాలి. బేరానికి కొంచెం జాగా ఉంచి, ఇంతకంటే దిగం అన్న అంకెను ఇంట్లో వాళ్లంతా ముందే అనుకుని ఉండండి.

కొనేవాళ్లను వెతకడం

ఓఎల్ఎక్స్, 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ అన్నీ వాడండి. ప్రకటన ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడింట్లో ఉండాలి. గేటు మీద బోర్డు కూడా అలాగే. ఫోటోలు పగటి వెలుతురులో, సామాను సర్దాక తీయండి. స్థలం ఎన్ని డెసిమల్స్, రోడ్డు వెడల్పు ఎంత, నీళ్లు ఎలా వస్తాయి, పట్టా ఎవరి పేరున ఉంది అని స్పష్టంగా రాయండి. 'పట్టా మా పేరునే ఉంది, ఘరబారి, అప్పుల్లేవు' అన్న ఒక్క ముక్కకు పది ఫోటోల బలం ఉంటుంది.

ఏ ఊళ్లో ఎవరు కొంటారో కూడా ఆలోచించాలి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ డాక్టర్లు, ఐసర్ సైన్స్ విద్యాసంస్థ సిబ్బంది. రాయగడలో పేపరు మిల్లు, రైల్వే ఉద్యోగులు. కోరాపుట్ వైపు సునాబెడా హెచ్ఏఎల్, దామన్‌జోడి నాల్కోలో పనిచేసి రిటైరయ్యేవాళ్లు. వీళ్ల ఆఫీసుల నోటీసు బోర్డులు, వాట్సాప్ గ్రూపులు ఊళ్లో పెట్టే ఫ్లెక్సీ కంటే బాగా పనిచేస్తాయి. పక్కింటివాళ్లకు ముందు చెప్పడం మరిచిపోకండి. గోడ కలిసున్నవాళ్లే ఎక్కువ ధరకు కొనే సందర్భాలు చాలా ఉంటాయి.

మోసాల విషయంలో జాగ్రత్త. "నేను ఆర్మీలో ఉన్నా, ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపిస్తా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అని ఫోన్ వస్తుంది. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ నొక్కితే పోయేది మీ డబ్బే. అలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి. కాగితాల కాపీలు ఎవరికి ఇచ్చినా వాటి మీద అడ్డంగా 'ఇల్లు చూపడానికి మాత్రమే' అని తేదీతో రాయండి. ఒరిజినల్స్ మీ ఎదురుగానే చూపించండి, చేతికి ఇచ్చి పంపొద్దు.

అడ్వాన్స్, అగ్రిమెంట్

మాట కుదిరాక స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ రాసుకోండి. మొత్తం ధర, అడ్వాన్స్, రిజిస్ట్రేషన్‌కు గడువు, కొనేవాళ్ల లోన్ రాకపోతే అడ్వాన్స్ సంగతేంటి, ఎవరు వెనక్కి తగ్గితే ఎంత నష్టం, ఇంట్లో ఏవేవి వదిలి వెళ్తారు అన్నీ అందులో ఉండాలి. ఇన్వర్టర్, మోటారు, గీజరు దగ్గరే చివర్లో మాటలు పెరుగుతాయి.

ఇక్కడ లాయరు ఫీజు దాచుకోవద్దు. కమీషన్ మిగిలింది కదా, అందులో కొంత మంచి లాయరుకు ఇవ్వండి. కొనేవాళ్ల లాయరు కాకుండా మీకంటూ ఒకరు ఉండాలి.

"సగం నగదుగా ఇస్తాం, దస్తావేజులో తక్కువ రాద్దాం" అంటారు. ఒప్పుకోకండి. ఇంటి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడవచ్చు, అది అమ్మినవాళ్ల మీదే పడుతుంది. ప్రభుత్వ విలువ రాసిన ధర కంటే పది శాతానికి మించి ఎక్కువైతే, మీరు ప్రభుత్వ విలువకే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను వేస్తారు.

రిజిస్ట్రేషన్ రోజు

స్టాంపు డ్యూటీ మగవాళ్ల పేరున కొంటే ఐదు శాతం, ఆడవాళ్ల పేరున కొంటే నాలుగు శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు రెండు శాతం. 40 లక్షల ఇంటికి భర్త పేరున 2,80,000 అయ్యేది భార్య పేరున 2,40,000 అవుతుంది. మామూలుగా ఇది కొనేవాళ్ల ఖర్చే అయినా, ఈ లెక్క మీరు చెప్తే బేరం దగ్గర పనికొస్తుంది.

దస్తావేజు ముసాయిదా ముందురోజే తెప్పించుకుని ఖాతా, ప్లాట్, హద్దులు పట్టాతో అక్షరం అక్షరం పోల్చుకోండి. ఆధార్, పాన్, ఒరిజినల్ కాగితాలు, ఇద్దరు సాక్షులతో వెళ్లండి. డబ్బు ఆర్‌టీజీఎస్‌లో ఖాతాలో పడిందని చూసుకున్నాకే సంతకం. డీడీ ఇస్తే జారీ చేసిన బ్యాంకు శాఖను అడిగి నిజమైనదేనని తేల్చుకోండి.

తాళాలు ఇచ్చేటప్పుడు కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసి, ఆ రోజు దాకా బిల్లు కట్టేసి, అప్పగింత కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. కరెంటు కనెక్షను, హోల్డింగ్ పేరు మార్పించుకున్నారో లేదో రెండు నెలల తర్వాత ఒకసారి అడగండి. లేకపోతే బకాయిల నోటీసులు మీ పేరునే వస్తాయి.

పన్ను

ధర 50 లక్షలు లేదా అంతకంటే ఎక్కువైతే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి మీ పాన్ మీద కడతారు. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే రూలు వేరు, కోత చాలా ఎక్కువ. అలాంటప్పుడు అగ్రిమెంట్‌కు ముందే ఆడిటర్‌ను కలవాలి.

రెండేళ్లు దాటి మీ చేతిలో ఉన్న ఇల్లయితే లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జులై 23కి ముందు వచ్చిన ఇల్లయితే, ఇండెక్సేషన్ వేసుకుని, అంటే కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచుకుని, 20 శాతం లెక్కలో తక్కువ వస్తే దాన్ని ఎంచుకోవచ్చు. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచీ కుటుంబంలో ఉన్న ఇంటికి, ఆ తేదీనాటి విలువనే కొన్న ధరగా చూపించవచ్చు. దానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రిపోర్టు రాయించుకోండి. ఆ లాభంతో రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా అందులో పెట్టిన మేరకు మినహాయింపు వస్తుంది. రిటర్న్ గడువులోగా కొనడం కుదరకపోతే ఆ డబ్బును మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచకూడదు. బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి గడువులోపే అందులో వేయాలి.