నౌకాదళపు బాకు ఒర: డబ్బు కట్టేముందు చూసుకోవలసినవి

రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ నౌకాదళ బాకు కొనబోయేవారు ముందు అలుగు చూస్తారు, ఆ తర్వాత పిడి మీది గద్దను చూస్తారు. ఒరను చూసేసరికి సాధారణంగా బేరం కుదిరిపోయి ఉంటుంది. అమ్మేవాడికీ కావలసింది అదే. అలుగు మీదైతే తయారీదారు ముద్ర ఉంటుంది, ఒర మీద మామూలుగా ఏ ముద్రా ఉండదు. పిడి కొన మీదికి గద్ద వచ్చింది 1938లో. మెరుపు గీతలు చెక్కిన ఇత్తడి ఒర మాత్రం కైజర్ (జర్మన్ చక్రవర్తి) కాలం నుంచీ ఉన్నదే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఈ వ్యాపారంలో ఒకే కత్తికి ఎన్ని ఒరలైనా మార్చి చూస్తారు.

అసలు చిక్కు జర్మనీలోని సోలింగెన్ పట్టణంలో ఉంది. ఐక్‌హార్న్, డబ్ల్యూకేసీ, ఆల్కోసో వంటి సంస్థలు ఈ బాకులు చేసింది అక్కడే. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైనికులు ఆ ఊరు చేరారు, తర్వాత అది బ్రిటిష్ వారి ఆధీనంలోకి వెళ్లింది. సైనికులకు ఇంటికి తీసుకెళ్లడానికి జ్ఞాపికలు కావాలి, పనివాళ్లకు పూట గడవాలి. గోదాముల్లో మిగిలిన విడిభాగాలు కూర్చి అమ్మారు. అలాంటి ఒరను నకిలీ అనడానికి నాకు నోరు రాదు, అలాగని యుద్ధకాలపు ధర ఇవ్వడానికి చెయ్యీ రాదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పూర్తిగా కొత్తవి వచ్చాయి. స్పెయిన్‌లో చేశారు, మన దేశంలోనూ చేశారు. వీటిని పట్టుకోవడం కాస్త తేలిక.

అందువల్ల చెక్కుడు పని అందాన్ని చూసి తీర్పు చెప్పకండి. చూపు పడని చోటే వెతకండి. ముందు ఒర మూతి. అలుగు బయటికి తీసి, టార్చి వేసి లోపలికి చూడండి. దశాబ్దాలుగా అలుగు రాసుకున్న చోట లోహం నున్నబడి, పక్కనే పాత మురికి నల్లగా గట్టిపడి ఉండాలి. లోపలంతా కొత్త ఇత్తడి రంగులో మెరుస్తూ, పైభాగం మాత్రం తాతల నాటిదిలా కనిపిస్తే ఆ ముసలితనం నిన్నమొన్న పూసిందే. మూతిని పట్టి ఉంచే చిన్న స్క్రూలను భూతద్దంతో చూడండి. ఒకే గాడి ఉన్న స్క్రూ ఉండాలి. ప్లస్ గుర్తు తల కనిపిస్తే అది తర్వాత పెట్టిందే. స్క్రూ ఒక్కటే మార్చి ఉండవచ్చు కూడా, కాబట్టి దాని చుట్టూ ఉన్న లోహం వయసు కూడా చూడాలి. తర్వాత బాకును ఒరలో పెట్టి మీట నొక్కి చూడండి. పిడి అడ్డకమ్మీ దగ్గరి మీట ఒరను పట్టుకోవడంలో, వదలడంలో తడబాటు ఉండకూడదు. అలుగు లోపల గలగలలాడినా, మూతి అంచు అడ్డకమ్మీకి సరిగ్గా ఆనకపోయినా ఆ రెండూ ఒకచోట పుట్టినవి కావేమోనని అనుమానించాలి.

తరువాత అరుగుదల. ఒరకు ఓక్ ఆకుల పట్టీలు రెండు ఉంటాయి, వాటికి రెండు రింగులు. బాకు నడుము నుంచి ఆ రింగుల మీదే వేలాడుతుంది. నిజంగా వాడిన ఒర అయితే రింగు ఊగే చోట పట్టీ మెట్టుపడుతుంది, కోటుకు రాసుకునే వైపు బంగారు పూత ఎక్కువగా పోతుంది. ఆకుల ఈనెల లోతులో పూత నిలిచి ఉంటుంది, మిట్టల మీద ఇత్తడి తేలుతుంది. రసాయనంతో పాతబెట్టిన ఒరలో ఈ తేడా ఉండదు. మిట్టా పల్లమూ, రింగు కిందా, స్క్రూ గాడిలోనూ అంతటా ఒకే గోధుమరంగు. అసలు తొడగకుండా బీరువాలో ఉండిపోయిన ఒరలూ లేకపోలేదు, అందుకే అరుగుదల లేనంత మాత్రాన కొట్టిపారేయవద్దు.

అయస్కాంతం పరీక్ష మాటకొస్తే, అలుగు ఒరలో ఉండగా చేయకండి, అలుగు ఉక్కు కదా. ఒర ఒంటికి అంటుకుంటే వెనక్కి తిరగవచ్చు. అంటుకోకపోతే అది ఇనుము కాదని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. చెక్కుడు గీతల అంచులు మెత్తగా, సూదిగుంటలతో ఉంటే పోత పోసింది, చెక్కింది కాదు, అనుమానించాలి. నగల దుకాణంలో క్యారట్ మీటర్ ఉంటే పూతలో బంగారం ఉందో లేదో గీత పడకుండా చెప్పగలరు, ఏ ఏడాదిదో చెప్పలేరు. గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి.

ఇత్తడి పాలిష్‌తో తోమకండి. పూత పలచన, ఒక్కసారి పోతే మళ్లీ రాదు, వస్తువు వయసు చెప్పే మురికి కూడా దానితోపాటే పోతుంది. తెల్ల పిడి సెల్యులాయిడ్ అయితే మూసిన ప్లాస్టిక్ సంచిలో దాచకండి. అది శిథిలమయ్యేటప్పుడు వచ్చే ఆవిరికి ఇత్తడి చిలుము పడుతుంది. సెల్యులాయిడ్ తేలిగ్గా అంటుకునేది కూడా, వేడికి దూరంగా ఉంచండి.

దూరం నుంచి కొంటుంటే ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి: మూతి పైనుంచి, స్క్రూల దగ్గర, రెండు పట్టీల వెనకవైపు. జలాంతర్గామి కెప్టెన్ మనవడి కథ వింటే విన్నారు గానీ దానికి విడిగా ధర కట్టకండి. ఇది అసలుదేనని అమ్మేవాడే రాసిచ్చే పత్రం మీద మీకు పనికొచ్చే వాక్యం ఒక్కటే, నచ్చకపోతే ఇన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటానన్నది.

ఇక భారత్‌కు తెప్పించుకునేవారికి. ఈ బాకు అలుగు సుమారు 25 సెంటీమీటర్లు. మన ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాలు, అంటే దాదాపు 23 సెంటీమీటర్లు దాటిన బాకులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. దిగుమతికి లైసెన్సు కావాలా అన్నది డబ్బు పంపకముందే కస్టమ్స్ వ్యవహారాలు తెలిసినవారిని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. పిడి ఏనుగు దంతంతో చేసిందని చెబితే వన్యప్రాణి చట్టం కూడా అడ్డు వస్తుంది, దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.